గజపతి కూతురి పేరేమిటి?

మా జేజిని ఆత్మకూరులో ఇప్పటికీ 'ఉదయగిరామె' అనే పిలుస్తారు. పద్నాలుగో ఏట పెళ్ళయి ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చింది. ఆమె తోడికోడళ్ళు వింజమూరామె, కలిగిరామె. ఏ ఊరి నుంచి వస్తే ఆ ఊరే వాళ్ళ పేరు. ఓటర్ల లిస్టులో జేజికి ఒక పేరుంది, బ్యాంకు పుస్తకంలో ఇంకో పేరుంది, పుట్టింటివాళ్ళు పిలిచే పేరు మూడోది. పెన్షను కోసం ఆ మూడు పేర్లూ ఒక్క మనిషివేనని కాగితం రాయించడానికి ఆమెను వెంటబెట్టుకుని నాలుగు రోజులు తిరిగాను. నాలుగోరోజు గుమాస్తా "అసలు పేరేదమ్మా?" అని అడిగితే జేజి నా మొహం చూసింది. నిజంగానే ఆమెకు చప్పున గుర్తు రాలేదు.

ఆమె పుట్టిన ఊరి కోట చరిత్ర చదువుతుంటే అదే ప్రశ్న అయిదు వందల ఏళ్ళ వెనక నుంచి మళ్ళీ నాకు ఎదురైంది. అసలు పేరేది?

ఉదయగిరి దుర్గం మూడువేల అడుగుల పైచిలుకు ఎత్తు. పడమట వెలికొండలు, కిందికి చూస్తే చెరువులూ మెట్ట చేలూ. కొండమీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలుండేవని పాత గెజిటీర్లు రాశాయి. ఇప్పుడు కనిపించేవి విరిగిన బురుజులు, మసీదులు, నీళ్ళు నిలిచిన కోనేర్లు. ఊళ్ళో అందరికీ తెలిసిన చరిత్ర ఒకటే: కృష్ణదేవరాయలు ఈ కోటను పట్టాడు. అది నిజమే. కానీ అంతకుముందు ఈ కోట విజయనగరానిదే. విజయనగరం పుట్టిన కొత్తల్లోనే హరిహరుడి తమ్ముడు కంపన ఇక్కడ ఏలాడు. తర్వాత ఒరిస్సా గజపతులు, కపిలేంద్రుడూ అతని కొడుకు పురుషోత్తముడూ, గోదావరి దాటి, కృష్ణ దాటి దక్షిణానికి దిగారు. కోట చేతులు మారింది, మళ్ళీ మారింది. పదిహేనో శతాబ్దం చివర్లో సాళువ నరసింహరాయలు పురుషోత్తమ గజపతికి యుద్ధంలో పట్టుబడ్డాడు. విడుదల కావడానికి ఆయన ఇచ్చుకున్నది ఉదయగిరి. ఒక మగవాడి శరీరానికి వెల ఒక దుర్గం. ఈ లెక్క గుర్తుంచుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

1513లో కృష్ణరాయలు ఉదయగిరిని ముట్టడించాడు. సుమారు ఏడాదిన్నర పట్టింది. 1535 ప్రాంతంలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఈ ముట్టడిని వివరంగా చెబుతాడు. కోటలో పదివేల కాల్బలం, నాలుగు వందల గుర్రాలు ఉన్నాయట. రాయలు బండరాళ్ళు పగలగొట్టించి, కొండలు తొలిపించి సైన్యానికి దారులు చేయించాడట. కొండ ఎక్కేటప్పుడు నేను చూసిన రాళ్ళు వేటివో తెలియదు గానీ, ఆ ఎండలో ఆ పని చేసిన వడ్డెవాళ్ళ సంగతి ఏ కావ్యావతారికలోనూ లేదు. మనుచరిత్ర అవతారికలో రాయల జైత్రయాత్ర ఉదయాద్రితోనే మొదలవుతుంది. పెద్దన్నకు ఆ కొండ రాయి రాయల ప్రతాపాగ్నిని రాజెయ్యడానికి బాగా కలిసొచ్చింది. రాళ్ళు కొట్టినవాళ్ళతో ఆయనకు పని లేదు.

1514 జూన్ నాటికి కోట పడింది. శాసనాలు చెప్పేదేమిటంటే, ప్రతాపరుద్ర గజపతికి పినతండ్రి వరస అయ్యే తిరుమల రౌతరాయలు పట్టుబడ్డాడు. నూనిజ్ మరో మాట చెబుతాడు. కోటలో ఒరిస్సా రాజుకు మేనత్తో పినతల్లో అయ్యే ఒకామె దొరికిందనీ, ఆమెను బందీగా తీసుకుపోయారనీ, అయితే ఎంతో మర్యాదగా, ఆమె పరివారమంతా వెంట ఉండగానే తీసుకుపోయారనీ. పినతండ్రి పేరు రాతి మీద ఉంది. ఆమె పేరు నూనిజ్ రాయలేదు. నేను ఎం.ఏ.లో ఈ ముట్టడి గురించి రెండు పేజీల జవాబు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. అందులో ఆమె లేదు. ఆమె ఉన్నదని నాకు చెప్పినవాళ్ళూ లేరు. రాబర్ట్ సూయెల్ 1900లో అచ్చేసిన నూనిజ్ అనువాదం మా లైబ్రరీలోనే ఉండింది. చదవాల్సినట్టు చదవలేదు, అంతే.

ఉదయగిరి నుంచి రాయలు ఇంకొకరిని కూడా తీసుకుపోయాడు. బాలకృష్ణుణ్ణి. కొండ మీది గుళ్ళోని విగ్రహాన్ని హంపికి తరలించి, దానికోసమే కృష్ణస్వామి గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఎవరు తెచ్చారు, ఎక్కడి నుంచి తెచ్చారు, ఎన్ని ఊళ్ళు, ఎన్ని నగలు ఇచ్చారు అన్నదంతా శాసనంలో ఉంది. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో ఉంది. నల్లరాతి పసివాడు, వెన్నముద్ద పట్టుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి చూశాను. ఒకే కోట నుంచి, ఒకే ఏడాది, ఒకే రాజు పట్టుకుపోయిన ఇద్దరిలో రాతి బొమ్మ ఎక్కడుందో అయిదు వందల ఏళ్ళ తర్వాత కూడా చెప్పగలం. మనిషి సంగతి చెప్పలేం.

ఉదయగిరి తర్వాత కొండవీడు, 1515లో. తర్వాత కొండపల్లి. కొండపల్లిలో ప్రతాపరుద్రుడి భార్యా, కొడుకూ చిక్కారు. ఆ కొడుకు వీరభద్రుణ్ణి కత్తిసాము చూపించమని అడిగి, ఎదుట తక్కువ కులంవాణ్ణి నిలబెడితే అవమానం తట్టుకోలేక ప్రాణం తీసుకున్నాడని నూనిజ్ కథనం. ఆ తర్వాత గజపతి కబురు పెట్టాడట, నా భార్యను విడిపించుకోవడానికి ఏమివ్వాలి అని. రాయల జవాబు: నీ కూతుర్ని నాకిచ్చి పెళ్ళి చెయ్యి, నీ భార్యనూ నీ నేలనూ తిరిగిస్తాను. అలాగే జరిగింది. 1519 నాటికి సంధి కుదిరింది, కృష్ణకు ఉత్తరాన ఉన్న దేశం గజపతికి తిరిగి దక్కింది.

ఇప్పుడు పాత లెక్క తీద్దాం. సాళువ నరసింహుడు పట్టుబడితే విడుదలకు కోట ఇచ్చారు. రాణి పట్టుబడితే కూతుర్ని ఇచ్చారు. తల్లి బయటికి రావడానికి కూతురు లోపలికి వెళ్ళింది. మన చరిత్ర పుస్తకాలు దీన్ని 'వివాహ సంబంధంతో మైత్రి బలపడింది' అని ఒక వాక్యంలో చెబుతాయి. నేనూ అలాగే రాశాను.

గజపతుల ఇంట్లో ఇది కొత్త కాదు. ఒరియావాళ్ళు చెప్పుకునే కాంచీ-కావేరీ కథలో పురుషోత్తమ గజపతి కాంచీ రాకుమారిని కోరతాడు. జగన్నాథుడి రథం ముందు చీపురు పట్టి ఊడ్చేవాడికి నా కూతుర్ని ఇవ్వనంటాడు ఆమె తండ్రి. యుద్ధం జరుగుతుంది, పిల్లను పట్టుకొస్తారు, ఊడ్చేవాడికే ఇచ్చి చెయ్యమని మంత్రికి ఆజ్ఞ అవుతుంది. తెలివైన మంత్రి రథయాత్ర దాకా ఆగి, రాజు చీపురు పట్టిన క్షణాన ఆమె చెయ్యి రాజుకే అందిస్తాడు. ఆ పద్మావతి కొడుకే ప్రతాపరుద్రుడంటారు. కథ అందంగా ఉంటుంది, పూరీలో విన్నప్పుడు నాక్కూడా నచ్చింది. ఊడ్చేవాడికి ఇమ్మన్నప్పటి నుంచి రథయాత్ర దాకా ఆ నెలలన్నీ ఆమె ఎలా గడిపిందో మాత్రం కథకు అక్కర్లేదు.

సరే, విజయనగరం వచ్చిన ఈ గజపతి కూతురి పేరేమిటి? తెలుగు కథల్లో జగన్మోహిని. కొందరు అన్నపూర్ణ అన్నారు. సంస్కృత శ్లోకాలు ఆమెవిగా చెప్పేవాళ్ళకు తుక్క, తుక్కాంబ. కంభం ప్రాంతంలో వరదరాజమ్మ, రుచిదేవి. అయిదు పేర్లు! పేర్లు లేక కాదు, పేర్లు ఎక్కువై ఆమె కనిపించకుండా పోయింది. రాయల తక్కిన ఇద్దరు రాణుల విషయంలో ఈ తంటా లేదు. ఉదయగిరి గెలిచి వస్తూ 1514 జులైలో రాయలు తిరుమల వెళ్ళినప్పుడు తిరుమలదేవి, చిన్నాదేవి వెంట ఉన్నారు, వాళ్ళ దానాలు శాసనాలకెక్కాయి. తిరుమల గుళ్ళో రాయలకు అటూ ఇటూ చేతులు జోడించి నిలబడ్డ కంచు బొమ్మలు వాళ్ళవే, భుజాల మీద పేర్లు కూడా చెక్కారు. మూడో బొమ్మ లేదు.

జనశ్రుతి ఏం చెబుతుందంటే, ఆమె తొలిరాత్రి రాయల్ని పొడవడానికి కత్తి దాచుకుందట. తిమ్మరుసు కనిపెట్టాడట. అందుకే రాయలు ఆమెను దూరం పెట్టాడట. ఆమె కంభంలో ఒంటరిగా బతికి, అక్కడి పెద్ద చెరువు కట్టించిందట. కంభం అంటే ఉదయగిరికి ఎక్కడో దూరం కాదు, ఈ వెలికొండలకు అవతల. తండ్రి పోగొట్టుకున్న కోట కొండలకు అటువైపు ఆమె చెరువు.

ఈ కత్తి కథ నన్ను చాలాకాలం ఆకర్షించింది. ప్రతీకారం తీర్చుకోబోయిన స్త్రీ అని ఒక సెమినార్‌లో ఉత్సాహంగా మాట్లాడాను కూడా. ఆ ఉత్సాహం తగ్గించింది ఒరిస్సా పుస్తకమో విజయనగరం పుస్తకమో కాదు. మాసిడోనియా రాజవంశం గురించి ఎలిజబెత్ కార్నీ 2000లో రాసిన పుస్తకం, ఆ వంశపు స్త్రీల గురించి. అలెగ్జాండర్ పేరు మనకు బడిలోనే తెలుసు, పురుషోత్తముడి కథ కూడా కంఠతా వచ్చు (ఆ పురుషోత్తముడు వేరు, పంజాబు పోరస్). అలెగ్జాండర్ తల్లీ నాయనమ్మా సవతి తల్లులూ ఎవరో ఎవరూ చెప్పలేదు.

అలెగ్జాండర్ తండ్రి రెండో ఫిలిప్ క్రీస్తుపూర్వం 359 నుంచి 336 దాకా ఏలాడు. చుట్టూ ఇరుగుపొరుగు రాజ్యాలు: ఉత్తరాన ఇల్లిరియన్లు, పడమట ఎపిరస్, దక్షిణాన థెస్సలీ, తూర్పున థ్రేస్. ఆయనకు ఏడుగురు భార్యలు. ఒక్కో యుద్ధానికి ఒక్కో పెళ్ళి చేసుకున్నాడని సాటిరస్ అనే ప్రాచీన రచయిత రాశాడు. ఇల్లిరియా నుంచి ఔడాటా, ఎలిమియా నుంచి ఫిలా, థెస్సలీ నుంచి నికెసిపొలిస్, ఫిలిన్నా, ఎపిరస్ నుంచి ఒలింపియాస్, డాన్యూబ్ వైపు గెటాయ్ రాజు కూతురు మేడా. చివరి క్లియోపాత్రా ఒక్కతే స్వదేశం పిల్ల. ఈ జాబితా చదువుతుంటే నాకు ఆత్మకూరు ఇల్లు గుర్తొచ్చింది. ఉదయగిరామె, వింజమూరామె, కలిగిరామె. పోలిక మరీ దూరం లాగుతున్నానని నవ్వుకోవచ్చు. మా ఇంట్లో యుద్ధాలు జరగలేదు, పొలాల తగాదాలు మాత్రం కొన్ని పెళ్ళిళ్ళతో తీరాయి.

అక్కడా పేర్లు మారాయి. ఔడాటాకు యూరిడికి అని ఇంకో పేరు కనిపిస్తుంది. ఒలింపియాస్‌కు పోలిక్సెనా, మిర్టలే, స్ట్రాటొనికె అన్న పేర్లు కూడా ఉండేవని ప్లూటార్క్ చెబుతాడు. మెట్టినింట్లో పేరు మార్చడం మన దగ్గర కొన్ని కులాల్లో ఇప్పటికీ ఉంది కదా. మేనరికం సంగతి కూడా చెప్పాలి: ఫిలిప్ తన కూతురు క్లియోపాత్రాను ఆమె సొంత మేనమామకే, ఒలింపియాస్ తమ్ముడికే ఇచ్చాడు. ఎపిరస్‌తో సంబంధం తెగకుండా. 336లో ఫిలిప్ హత్య జరిగింది ఆ పెళ్ళి వేడుకల్లోనే.

కానీ నాకు అసలు విషయం తట్టింది ఫిలిప్ తల్లి యూరిడికి దగ్గర. ఈమె భర్త మూడో అమింటాస్. ఆమె తన అల్లుడితో కుమ్మక్కై భర్తను చంపబోయిందనీ, తర్వాత కొడుకుల్ని చంపించిందనీ జస్టిన్ రాశాడు. ఏథెన్సు వక్త ఎస్కినెస్ చెప్పింది ఇంకోటి. భర్తా పెద్దకొడుకూ పోయాక ఆమె ఏథెన్సు సేనాని ఇఫిక్రాటెస్‌ను పిలిపించి, మిగిలిన ఇద్దరు కొడుకుల్లో పెర్డికాస్‌ను ఆయన చేతుల్లో, చిన్నవాడు ఫిలిప్‌ను ఆయన మోకాళ్ళ మీద పెట్టి కాపాడమని అడిగిందట. ఒకే ఆమె. ఒకరికి హంతకి, ఇంకొకరికి దిక్కులేని తల్లి. ఒలింపియాస్‌కు పాముల కథలు, విషం కథలు. పొరుగు రాజ్యం నుంచి వచ్చిన భార్య మీద ఇలాంటి కథ పుట్టడం దాదాపు నియమంలా కనిపిస్తుంది. శత్రువు ఇంటి పిల్లను తెచ్చుకున్నవాడికి భయం ఉంటుంది. ఆ భయం కథై ఆమె చేతిలో కత్తి పెడుతుంది. తుక్క దిండు కింద కత్తి ఉందో లేదో నాకు తెలియదు. రాయల కొలువులో ఆ భయం మాత్రం ఉండే ఉంటుంది. ప్రతీకారం తీర్చుకోబోయిన వీరనారి అని నేను సంబరపడింది బహుశా ఆ మగవాళ్ళ పీడకలను చూసే.

తేడాలు చెప్పకపోతే అన్యాయం. మాసిడోనియా స్త్రీలు మాయం కాలేదు. ఔడాటా తన కూతురు కినానేకు యుద్ధవిద్య నేర్పింది, కినానే తన కూతురు అడేయాకు నేర్పింది. అలెగ్జాండర్ చనిపోయాక, క్రీస్తుపూర్వం 317లో, ఈ అడేయా ఒక సైన్యంతో, ఒలింపియాస్ ఒక సైన్యంతో ఎదురుపడ్డారు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య జరిగిన తొలి యుద్ధం అని దాన్ని ఒక ప్రాచీన చరిత్రకారుడు అన్నాడు. సైనికులు అలెగ్జాండర్ తల్లి మీద చెయ్యెత్తలేక అటువైపు వెళ్ళిపోయారు. ఒలింపియాస్ ఓడిన అడేయాకు కత్తీ, ఉరితాడూ, విషమూ పంపి ఎంచుకోమంది. ఏడాది తిరక్కుండా ఒలింపియాస్‌నూ చంపారు. దీన్ని స్త్రీశక్తి అనడానికి నాకు నోరు రాదు. వాళ్ళ బలమంతా ఎవరి తల్లి, ఎవరి కూతురు, ఎవరి భార్య అన్నదాని మీదే నిలబడింది. గజపతి కూతురికి అది కూడా దక్కలేదు. రాయలు యువరాజుగా నిలబెట్టిన పసివాడు తిరుమలదేవి కొడుకు. ఆ పిల్లవాడు 1524లో చనిపోయాడు. కొడుకు లేని పొరుగింటి రాణిని వంశచరిత్ర ఎందుకు గుర్తు పెట్టుకుంటుంది?

ఇక రాత. యూరిడికి నడివయసులో, కొడుకులు ఎదిగాక చదువు నేర్చుకుంది. ఆ సంతోషంతో కళాదేవతలకు సమర్పించిన ఒక చిన్న పద్యం ప్లూటార్క్ పేరు మీదున్న ఒక వ్యాసంలో మిగిలింది. అదే వ్యాసం ఆమెను అనాగరికురాలని కూడా అంటుంది, పిల్లల కోసం ఆ వయసులో చదువుకుందని మెచ్చుకుంటూనే. వెర్గీనా తవ్వకాల్లో సిర్రాస్ కూతురు యూరిడికి అని చెక్కిన సమర్పణ శిల కూడా దొరికింది. భర్త పేరు కాదు, కొడుకుల పేర్లు కాదు, తండ్రి పేరూ తన పేరూ. ఆ ఫొటో చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను.

తుక్కవిగా చెప్పేవి అయిదు సంస్కృత శ్లోకాలు, తుక్కాపంచకం. తుమ్మెదను అడ్డం పెట్టుకుని, తనను పట్టించుకోని భర్తకు చెప్పినట్టుంటాయి. అవి ఆమెవేనని చెప్పే శిల ఏదీ లేదు, సంప్రదాయం మాత్రమే ఉంది. సంస్కృతంలో ఉన్నాయి కాబట్టి తెలుగు సాహిత్య చరిత్ర ఆమెను లెక్కలోకి తీసుకోదు. ఒరియా చరిత్రకు ఆమె వెళ్ళిపోయిన పిల్ల. తిరుమలదేవితో అరణంగా వచ్చిన కవి అని మనం నంది తిమ్మన్నను ఎంతో ముచ్చటగా చెప్పుకుంటాం. అలిగిన రాయల్ని ఆమెకు దగ్గర చెయ్యడానికే పారిజాతాపహరణం రాశాడని కథ. ఒక రాణి తరఫున మాట్లాడటానికి ఒక మహాకవి ఉన్నాడు. ఇంకో రాణి తన మాట తానే రాసుకోవాల్సి వచ్చింది, రాసిందో లేదో కూడా మనకు అనుమానమే.

నా థీసిస్‌లో ఒకచోట 'విజయనగర అంతఃపురం నుంచి వినిపించిన స్త్రీ స్వరం తుక్క' అని రాశాను. మా గైడ్ దాని చుట్టూ పెన్సిలుతో గీసి పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. అప్పుడు కోపం వచ్చింది. పూర్వీకురాళ్ళ కోసం మనకు ఆత్రం ఎక్కువ. మొల్ల, తిమ్మక్క, ముద్దుపళని, ఈ వరసలో ఇంకో పేరు చేరితే సంతోషమే. ఇప్పుడు ఆ ప్రశ్నార్థకాన్ని నేనే ఉంచుతాను, కానీ ఒక షరతు మీద. రాజుల పేరిట ఉన్న కావ్యాలకూ అదే పెన్సిలు తీయాలి. ఆముక్తమాల్యద పెద్దన్న రాశాడన్న అనుమానం ఒకప్పుడు ఎంత చర్చకు వచ్చినా, పాఠ్యపుస్తకంలో రాయల పేరు పక్కన ప్రశ్నార్థకం ఎవరూ పెట్టలేదు.

ఇంకోటి కూడా. ఉదయగిరి పట్టాక రాయలు ఆ సీమను రాయసం కొండమరుసయ్యకు అప్పగించాడు. ఆత్మకూరుకు దగ్గర్లోని అనంతసాగరం చెరువు ఆయన తవ్వించిందే. శాసనం ఉంది, అందరూ నమ్ముతారు. కొండల అవతల గుండ్లకమ్మ మీది కంభం చెరువు గజపతి ఆడబిడ్డ కట్టించిందని జనం తరతరాలుగా చెబుతున్నారు. 2020లో దానికి అంతర్జాతీయంగా వారసత్వ నీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. శాసనం ఉన్న మనిషి చరిత్రలో ఉన్నాడు. జనం నోట్లో ఉన్న మనిషి కథల్లో ఉంది. ఇప్పటికీ ఆ రెండు చెరువుల కిందా నారు పోస్తూనే ఉన్నారు.

ఉదయగిరి కొండ దిగాక ఆ సాయంత్రం ఊళ్ళో ఒకచోట ఆగాను. అక్కడ ముస్లిం స్త్రీలు ఇంటి అరుగుల మీద కూర్చుని కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కుతుంటారు. ఉదయగిరి చెక్క చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. జేజికని ఒక గరిటె కొన్నాను. చెక్కినామె తన పేరు చెప్పింది, అడక్కుండానే.

ఆత్మకూరు చేరేసరికి చీకటి పడింది. జేజి గరిటెను అటూ ఇటూ తిప్పి చూసి, "యాడ తిరిగొచ్చావే పాపా? మొహమంతా కమిలిపోయింది" అంది. అన్నం తింటూ చెప్పాను. కోట సంగతి, ఏడాదిన్నర ముట్టడి సంగతి, కోటలో దొరికిన ఆ పెద్దామె సంగతి. రాయలు ఎంత మర్యాదగా తీసుకుపోయాడో కూడా చెప్పాను.

"తీసకపోయినాక? మళ్ళా వాళ్ళ ఊరికి పంపించినారా లేదా?"

"రాయలేదు జేజీ."

"ఆ మాట రాయకపోతే ఇంకేం రాసినాడు వాడు!" అంది జేజి. ఆ గరిటెతోనే నాకు ఇంకాస్త పులుసు పోసింది.